వీథి చెత్తయు, జరిమానాయు
(పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



2022 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున మన విశాఖపట్టణమునకు దేశమున 4వ స్థానము లభించినది. సంతోషమే. కాని వాన వెలిసిన యుదయమున పూర్ణా మార్కెట్టు నుండి సముద్రతీరము వరకు నడచినవాడు ఆ సంతోషమును కొంత దాచుకొనవలసివచ్చును. వీథిలో విసరిన సంచి గెడ్డలో బడును. గెడ్డ సముద్రమున గలియును. సముద్రము దానిని మరల మన యిసుకపైకే త్రోయును.

శాసనము లేదా? కలదు. వీథులందును కాలువలందును చెత్త వేయరాదనియు, వేసినవారికి అక్కడికక్కడనే జరిమానా విధింపవచ్చుననియు 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నిబంధనలే చెప్పినవి.

మరి విధించువా డెవడు? 2019లో వార్డు సచివాలయములు వెలసినపుడు పారిశుద్ధ్య పర్యావరణ కార్యదర్శి యను నుద్యోగమును సృజించిరి. మంచిపనియే. కాని వీథులూడ్పించుటకు నతడే, ఇంటింటి చెత్త యెత్తించుటకు నతడే, అపరాధిని బట్టుటకు నతడే! తెల్లవారుజామున చెత్తబండి వెంట దిరిగినవాడు, రాత్రి పదిగంటలకు కారు కిటికీ నుండి సంచి విసరువాని నెట్లు పట్టును? అతని కంటబడునది దినమెల్ల నొక్కచోట నిలుచు తోపుడుబండివాడే. వానిపై రసీదు వ్రాయుట బహుసులభము. విందు ముగిసిన కల్యాణమండపపు విస్తళ్లు మాత్రము చీకటిలోనే గెడ్డ జేరును.

కావున జరిమానా వ్రాయుటయే పనిగా, రాత్రివేళల దిరుగు మనుష్యులను కార్పొరేషను ప్రత్యేకముగా నియమింపవలయును. జీతములకు ధనమేది యందురా? ఆ విసరిన చెత్తను చేతులతో నెత్తు పారిశుద్ధ్య కార్మికుడు నేడా వెల చెల్లించుచునే యున్నాడు. రసీదుల లెక్కను వార్డువారీగా నెలనెల బ్రకటింపుడు. మొదటి రసీదు కల్యాణమండపమువారికి వ్రాయుడు. తోపుడుబండివాని సంగతి తరువాత జూతము.