ప్లగ్గు మీది మసి ఏం చెబుతుంది?



అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఇంటి మనిషిలా చూసుకుంటూ ఇప్పటికీ దాన్ని నడుపుకొనేవారు ఉన్నారు. అలాంటి కార్బురేటర్ పెట్రోలు బండి ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతూ, మిస్ కొడుతూ ఉంటే మనం వెంటనే ఏం చేస్తాం? కొత్త ప్లగ్గులు వేయిస్తాం. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ అదే కథ. అర్ధరాత్రి ఆస్పత్రికి రోగిని తీసుకువెళ్తుండగా బండి ఆగిపోతే ఆ నష్టం ప్లగ్గు ధరతో తీరేది కాదు. మసి పట్టిన ప్లగ్గు అసలు జబ్బు కాదు. వైద్యుడు చూసే నాలుక వంటిది.

ప్లగ్గు కొనలో పింగాణీ ముక్కు ఉంటుంది. అది సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే మసి దానంతటదే కాలిపోతుంది. అంత వేడి అందకపోతే పేరుకుంటుంది. మసి గుండా కరెంటు పారుతుంది. గ్యాప్ దాటి నిప్పురవ్వగా దూకవలసిన కరెంటు ఆ పొర మీదుగా జారిపోతుంది. ఆ సిలిండరులో పెట్రోలు సరిగా మండదు.

పరీక్షకు ముందు బండిని పది, పదిహేను కిలోమీటర్లు మామూలు వేగంతో నడపండి. నిలబెట్టి చాలాసేపు ఇంజను ఆడిస్తే మంచి ప్లగ్గు కూడా నల్లబడుతుంది. ఇంజను చల్లారాక వైర్లకు 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టి, ప్లగ్గులు విప్పి అదే వరుసలో కాగితం మీద ఉంచండి.

లేత గోధుమ రంగుంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అవుతుండవచ్చు. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా చూడండి. పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ నిప్పురవ్వ పడుతోందో లేదో చూడాలి. జిడ్డుగా, నల్లగా తడిసి ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా, పొక్కులతో ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతోంది.

బడిలో ఒక పిల్లవాడికి కడుపునొప్పి వస్తే వాడు ఏం తిన్నాడని అడుగుతాం. తరగతికంతా వస్తే తాగునీటి కుండ వైపు చూస్తాం. ఇక్కడా అంతే. నాలుగు ప్లగ్గులూ నల్లబడితే కార్బురేటరు వంటి ఉమ్మడి కారణం వెతకాలి. ఒక్కటే నల్లబడితే దాన్ని పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి కొన్నాళ్ళు నడపండి. మసి ప్లగ్గు వెంట వెళ్తే లోపం ప్లగ్గుది. మొదటి చోటే నిలిస్తే లోపం ఆ సిలిండరుది, లేదా దాని వైరుది.

ఆయిల్ వస్తోందనగానే ఇంజను మొత్తం విప్పించకండి. ముందు కంప్రెషన్ చూపించండి. తక్కువగా ఉంటే ఆ సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి. అప్పుడు బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. ఘాటు దిగి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే నీలిపొగ వస్తే వాల్వ్ గైడ్లను అనుమానించాలి. రెండింటి ఖర్చూ ఒకటి కాదు.

కన్నడంలోనూ మసిని మసే అంటారు. షెడ్డు సరిహద్దుకు ఏ వైపున ఉన్నా "బండి బాగాలేదు" అని ఊరుకోకుండా, "మూడో ప్లగ్గొక్కటే ఆయిలుతో తడిసింది" అని చెప్పండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది.