అక్కడ బేరం, ఇక్కడ నేరం

ఇంగ్లాండ్‌లో రైతు దగ్గరికి వెళ్లి పచ్చిపాలు కొనుక్కోవచ్చు. సరిహద్దు దాటి స్కాట్లాండ్‌లో అడుగుపెడితే ఆ పాలు అమ్మడం నేరం. ఒకటే దీవి, చట్టాలు రెండు.

స్కాట్లాండ్ ఊరికే కట్టడి చేయలేదు. పచ్చిపాల వల్ల జనం మంచాన పడటం, కొందరు ప్రాణాలే పోగొట్టుకోవడం చూశాక, 1983లో పాశ్చరైజ్ చేయని ఆవుపాల అమ్మకాన్ని నిషేధించింది. పాశ్చరైజ్ చేయడం అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వేడిలో 15 సెకన్లు ఉంచి, వెంటనే చల్లబరుస్తారు. ఆ కాస్త వేడికే క్షయ, బ్రూసెల్లా, సాల్మొనెల్లా, లిస్టీరియా క్రిములు చస్తాయి. ఆవు నిగనిగలాడుతూ ఉన్నా సరే, పొదుగుకు అంటిన పిసరంత పేడ చాలు, పాలలోకి జబ్బు దిగడానికి.

ఇంగ్లాండ్‌ది మధ్యేమార్గం. మందలో క్షయ, బ్రూసెల్లోసిస్ ఉండకూడదు. ఇవి వేడిచేయని పాలు, హాని చేసే క్రిములు ఉండవచ్చు అని సీసా మీద రాయాలి. మామూలుగా రైతే నేరుగా అమ్మాలి, దుకాణాలకు ఆ హక్కు లేదు. 2011లో లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో పచ్చిపాలు పోసే యంత్రం వెలిసింది. యంత్రం రైతుదే కదా, నేరుగా అమ్మినట్టే కదా అన్నది వాదన. లాయర్లకు పండగే! అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ కోర్టుకెక్కింది. యంత్రం తీసేశాక, 2013లో కేసు వదులుకుంది.

అమెరికాలో తాగడానికి పచ్చిపాలను రాష్ట్రం దాటించి అమ్మడాన్ని కేంద్ర ప్రభుత్వం 1987లో నిషేధించింది. రాష్ట్రం లోపల ఎవరి చట్టం వాళ్లది. కాలిఫోర్నియాలో దుకాణాల్లోనే దొరుకుతాయి. అమ్మకం కుదరని కొన్నిచోట్ల ఆవులో వాటా కొనుక్కుని, మా ఆవు పాలు మేమే తాగుతున్నామంటారు.

మన దేశంలో పచ్చిపాల అమ్మకానికి అడ్డు లేదు. వెన్న శాతం ఎంత, కల్తీ ఉందా అన్నవే చట్టం ఎక్కువగా చూస్తుంది. క్రిములను చంపే పని మన పొయ్యిదే. పాడి ఇంటిదైనా, పాలవాడు పోసినవైనా, పొంగు వచ్చేదాకా కాస్తే 72 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతాయి.

ఈ అలవాటు తప్పే చోటు ఒకటుంది: పంచామృతం. అందులో చాలామంది పచ్చిపాలే పోస్తారు, ఆ తీర్థం పసిపిల్లలకూ అందుతుంది. గర్భిణులు, పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో కాచి చల్లార్చిన పాలే కలపండి.