మాతృభాషలో తొలిచదువు - కేంద్రము చేతిలోని అధికారము



1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ కథ పిల్లలకును కంఠస్థమే. అయితే భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడుటతోనే మరియొక ప్రశ్న పుట్టినది. సరిహద్దు ఎచట గీచినను కొందరు ఆవల మిగిలిపోవుదురు. రైల్వే పనికై ఖరగ్‌పూర్ వచ్చి తరతరములుగా స్థిరపడిన తెలుగువారి బిడ్డకు తొలి అక్షరము ఏ భాషలో?

1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగమున 350-ఎ, 350-బి అధికరణములు చేరినవి. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రమునకు, ప్రతి స్థానిక సంస్థకు విధి యని మొదటిది చెప్పుచున్నది. అందుకై ఏ రాష్ట్రమునకైనను రాష్ట్రపతి ఆదేశము లీయవచ్చును. రెండవది ఒక ప్రత్యేకాధికారిని నియమింపుమన్నది. ఆయన నివేదికలు పార్లమెంటు ముందుంచబడి, రాష్ట్రములకు పంపబడును. ఆ అధికారి ప్రాంతీయ కార్యాలయములలో ఒకటి చిరకాలము ఈ కలకత్తా నగరముననే యుండెను. ఆ సంగతి ఎరిగిన తెలుగువా రెందరో!

"యత్నించుట" అను మాటను గమనింపవలెను. ఊరక పడిన మాట కాదది. 1979లో భారతదేశము అంగీకరించిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, అల్పసంఖ్యాకులు తమ భాషను వాడుకొను హక్కును తన 27వ అధికరణమున మన్నించినది. ప్రపంచము ముందు జవాబు చెప్పవలసినది కేంద్రము. బడి తాళపుచెవి మాత్రము రాష్ట్రము చేతిలో నున్నది.

ఆదేశమును రాష్ట్రము పాటింపకున్న నేమగును? అచట పరిపాలన రాజ్యాంగానుసారముగా సాగుట లేదని రాష్ట్రపతి భావించుటకు 365వ అధికరణము వీలిచ్చుచున్నది. దాని వెనుక 356 కలదు. ఒక బడిలో తెలుగు పంతులు లేడని మంత్రివర్గమును తొలగించువా రుందురా? పిచ్చుకపై బ్రహ్మాస్త్రము! కనుక పని జరుగునది లేఖలతోను, నివేదికలతోను, నచ్చజెప్పుటతోను.

ఆ లేఖలకు ఒక లెక్క ఆధారము. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలున్నచో కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. బడిలో చేర్చునపుడు "మాతృభాష" అను గడిలో హిందీ యని వ్రాయించి, ఇంటికి వచ్చి తెలుగు చదువు లేదని విచారించు తండ్రులు కలరు. ఆ పది పేర్లు రిజిస్టరున లేనిచో ప్రత్యేకాధికారి ఏమని వ్రాయును? రాష్ట్రపతి దేనిపై ఆదేశ మిచ్చును?

2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా స్థానము నొసగుటకు అంగీకరించినది. అది ఢిల్లీ ఆదేశము కాదు, రాష్ట్రపు స్వంత నిర్ణయము. సంతోషమే. కాని అధికారభాషల పట్టికలో చోటు వేరు, ఒకటవ తరగతిలో పంతులు వేరు. ఈ రాష్ట్రమున బడులు జనవరిలో కొత్త సంవత్సరము నారంభించును. తలిదండ్రుల సంతకములతో కూడిన దరఖాస్తులు అంతకు మునుపే హెడ్మాస్టరు బల్లపై నుండవలెను.