నేతలో ఇంకు జిగురు



చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల రైతులకు నీరు నేలలో ఇంకు విధమును వేరుగ బోధింప నక్కరలేదు. ఇసుకనేల నీటిని వెంటనే మ్రింగును. నల్లరేగడి మెల్లగ పీల్చును. మొయినాబాదు చెంత మూసీపై 1920లో ఉస్మాన్ సాగరము, ఈసీపై 1927లో హిమాయత్ సాగరము వెలసినవి. ఇట్టి ఆనకట్టల అడుగున ఊరు నీటిని ఇంజనీర్లు గణించుటకు ఆధారమైన సూత్రమును ఫ్రాన్సు దేశీయుడగు హెన్రీ డార్సీ ఇసుకలో నీటిని పారించి పరీక్షించి, 1856లో ప్రకటించెను. ఒత్తిడి పెరిగినకొలది ప్రవాహము పెరుగును. దారి ఇరుకైనకొలది తగ్గును. ద్రవపు చిక్కదనమును తరువాతివారు ఆ లెక్కలో చేర్చిరి.

ఆ సూత్రమే నేడు విమాన భాగముల తయారీకిని, గాలిమర రెక్కల తయారీకిని అక్కరకు వచ్చుచున్నది. గాజుపోగులతోగాని కార్బన్ పోగులతోగాని నేసిన బట్టను అచ్చులో పొరలుపొరలుగ పరచి, పైన ప్లాస్టిక్ తెరను గాలి చొరకుండ అంటింతురు. పంపుతో లోని గాలిని తోడివేయుదురు. అపుడు బయటి వాతావరణము చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బరువుతో ఒత్తి, రెజిన్ అను జిగురును బట్టలోనికి నడిపించును.

ఈ జిగురు సాధారణముగ నీటికంటె వందల రెట్లు చిక్కన. ఒత్తిడి మారనిచో, రెట్టింపు దూరము తడియుటకు నాలుగింతల కాలము పట్టును. ఈ లోపల జిగురు గట్టిపడ నారంభించును. వేడిచేసిన పలుచనగును గాని, అంత త్వరగ గడ్డకట్టును. కావున పెద్ద మడికి పలుచోట్ల నీరు వదలినట్లు, పెద్ద అచ్చునకు పెక్కు దారులు అమర్తురు.

అసలు చిక్కు నేతలోనే కలదు. ఒక్కొక్క పోగులో వేలకొలది తంతువులుండును. కార్బన్ తంతువు మందము సుమారు 7 మైక్రానులు. అనగా తలవెంట్రుకలో పదవ వంతు. జిగురు వడిగ పారినచో పడుగుపేకల సందులలో ముందుకు పోయి, పోగుల నడుమ గాలిని బంధించును. మరీ మెల్లగ పారినచో, వత్తి నూనెను పీల్చునట్లు పోగులే ముందుగ పీల్చుకొనగా సందులలో గాలి మిగులును. ఈ రెంటికి నడుమ తగిన వేగమును కనుగొనుటయే నేర్పు. పోచంపల్లి చిటికీ పనిలో కట్టిన చోట రంగు ఎక్కకుండుట కళ. ఇచట జిగురెక్కని చోటు దోషము.

పోగు లాగుడును భరించును. జిగురు ఆ భారమును పోగులన్నిటికిని పంచును. జిగురు చేరని చోట ఆ పంపకము తెగి, బరువు పడినపుడు పొర పొరను వీడును. పైకి నున్నగ నున్నంత మాత్రమున వస్తువును నమ్మరాదు. అందుచేతనే చెవికి వినరాని ధ్వనితరంగములతో లోపలిని పరీక్షింతురు.

దీని ఫలము యంత్రములకే పరిమితము గాదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలో అబ్దుల్ కలాం నాయకత్వమున రూపొందిన అగ్ని క్షిపణి 1989 మే 22న తొలిసారి ఎగిరెను. పిదప ఆ శాస్త్రజ్ఞులు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులతో కలసి, కాళ్ళు చచ్చుబడిన బిడ్డలకు కాంపోజిట్ ఊతములు చేసిరి. లోహపు ఊతము 3 కిలోలకు పైబడి తూగగా, క్రొత్తది సుమారు 300 గ్రాములే. తయారీ పద్ధతి వేరైనను పోగునకును దానిని పట్టియుంచు పదార్థమునకును గల పొత్తు అదియే. ఆ పొత్తులో లోపమున్నచో దెబ్బ తగులునది బిడ్డ కాలికే.

మడికి నీరు పెట్టిన చేయి, మగ్గముపై పోగు లెక్కించిన చేయి ఈ విద్యకు పరాయివి గావు. ఆ అనుభవమునకు గణితమును, భౌతికశాస్త్రమును తోడుచేసికొనుట ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకుల వంతు.