కెమెరాకు ముందు వెలుతురు

(సలాబత్‌పురాలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలు ముందు వరుసలో కూర్చున్నారు, సంతోషం. ఈ మాటలు ఎక్కువగా మీ కోసమే.

"కొత్తగా ఫొటోలు నేర్చుకునేవాళ్లు తక్కువ ఖర్చులో ఏ డీఎస్ఎల్ఆర్ కొనాలి?" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను ఫొటోగ్రాఫర్ని కాను, అప్పుల దరఖాస్తులు చూసే ఆఫీసర్ని. ఈ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. ఒకసారి డబ్బు పెట్టి, తప్పుగా కొన్నాను.

2020 చివర్లో 11వ వేతన ఒప్పందం కుదిరింది. బకాయిలు చేతికొచ్చాయి. రెండు లెన్సులు, బ్యాగు, మెమరీ కార్డు కలిపి ఇచ్చే ప్యాకేజీ చూసి ముచ్చటపడి కెమెరా కొన్నాను. డబ్బా మీద 24 మెగాపిక్సెల్ అని ఉంది. అదే నాకు నచ్చింది. మరుసటి ఏడు దసరాకు అమ్మ ఊరి నుంచి మా దగ్గరికి వచ్చింది. లింబాయత్ వైపు మనవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే తీసుకెళ్లాం. రాత్రిపూట, వీధి దీపం వెలుతురు. అమ్మ చప్పట్లు కొడుతూ తిరుగుతోంది. నేను నూటికి పైగా ఫొటోలు తీశాను. సగం మసకబారాయి. మిగతా సగంలో ఫ్లాష్ పడి మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనకంతా చీకటిగా వచ్చాయి. పై ఏడు బతుకమ్మకు అమ్మ లేదు. ఆ రాత్రిది మా ఇంట్లో ఉన్న మంచి ఫొటో ఒక్కటే. అది పక్కింటి అమ్మాయి ఫోన్లో తీసింది.

తప్పు కెమెరాది కాదు. నాకు కావలసింది వెలుతురు. నేను కొన్నది మెగాపిక్సెల్. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగతాది వివరణ.

మెగాపిక్సెల్ లెక్క ముందు తేల్చేద్దాం. గోడకు పెట్టుకునే 12 అంగుళాలు, 8 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 3,600ను 2,400తో గుణిస్తే సుమారు 86 లక్షల చుక్కలు, అంటే 9 మెగాపిక్సెల్ కూడా కాదు. ఈ రోజు మార్కెట్లో దొరికే ఏ డీఎస్ఎల్ఆర్ అయినా అంతకు రెట్టింపు ఇస్తుంది. కాబట్టి ఆ అంకె చూసి పోటీ పడొద్దు.

మరి ఫోన్ ఉండగా డీఎస్ఎల్ఆర్ ఎందుకు? సెన్సర్ కోసం. తక్కువ ధర డీఎస్ఎల్ఆర్‌లో కూడా సెన్సర్ సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మామూలు ఫోన్‌లో ఉండేదానికి ఇది పది రెట్లకు పైగా పెద్దది. వాకిట్లో పెట్టిన చిన్న గిన్నెలో, పెద్ద గంగాళంలో వాననీళ్లు పట్టినట్టు అనుకోండి. కానీ గంగాళానికి మూత పెడితే? ఆ మూతే లెన్సు.

కెమెరాతో వచ్చే లెన్సు సాధారణంగా 18-55 ఎం.ఎం. దగ్గరికి లాగి 55లో పెడితే దాని కన్ను ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. అదే 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. అంకె చిన్నదైతే కన్ను పెద్దదని గుర్తు పెట్టుకోండి. లెన్సుల్లో చవకైన వాటిలో ఇదొకటి. నేను ఆ రెండో లెన్సు, దూరపుది, వదిలేసి దీన్ని కొని ఉంటే అమ్మ ఫొటో దక్కేది.

అయితే ఏ లెన్సు అన్నది మీరు ఏం తీస్తారన్న దాని మీద ఉంటుంది. సలాబత్‌పురా సంగతే చూడండి. ఈ వీధుల్లో గదులు చిన్నవి. ఈ కెమెరాల్లో 50 ఎం.ఎం. లెన్సు దృశ్యాన్ని 75, 80 ఎం.ఎం. లాగా దగ్గరికి తెచ్చేస్తుంది. నలుగురిని కూర్చోబెట్టి తీయాలంటే మన వీపు వెనక గోడకు తగులుతుంది. ఇంట్లో పండుగలు, పుట్టినరోజులు తీసేవారికి 35 లేదా 24 ఎం.ఎం. మేలు. ఒక్క మనిషి మొహం, పసిపాప నవ్వు తీయాలంటే 50 హాయి. జనవరి 14న ఉత్తరాయణం నాడు డాబాల మీద నుంచి పతంగులు తీయాలంటే మాత్రం దూరపు లెన్సు కావాలి. ఆ రోజు కావలసినంత ఎండ ఉంటుంది, చవక లెన్సు సరిపోతుంది.

మరమగ్గాల షెడ్డులో తీసేవారికి ఒక చిట్కా. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, పాత ట్యూబ్‌లైటు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ వేగం మరీ పెంచితే ఫొటోలో నల్లని పట్టీలు, రంగు తేడాలు వస్తాయి. సెకనులో వందో వంతు దగ్గర పెట్టి చూడండి.

ఇప్పుడు బాడీ. కెనాన్ 1500డి, 3000డి రెండూ 2018లో వచ్చాయి. ధరలో తేడా కొద్దిదే. కానీ 3000డికి లెన్సు తగిలించే చోట ప్లాస్టిక్, 1500డికి లోహం. పిల్లలు వాడేదైతే ఆ తేడా ఇవ్వదగ్గదే. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2019లో వచ్చిన 200డి మార్క్ టూకు తిరిగే తెర ఉంది, వీడియోకు బాగుంటుంది. నికాన్ డి3500 కూడా 2018దే. కంపెనీ లెక్క ప్రకారం ఒక్కసారి చార్జ్ చేస్తే 1,550 ఫొటోలు తీస్తుంది, 1500డి అయితే 500. పెళ్లిళ్లకు వెళ్లేవారు ఇది గమనించాలి. డి3500తో ఒక చిక్కు ఉంది. దీని బాడీలో ఫోకస్ మోటారు లేదు. పాత లెన్సు చవకగా దొరికిందని తెచ్చుకుంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి అని రాసి ఉన్నవే కొనండి.

"డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందట కదా సార్?" అని మా శాఖలో ఒక అమ్మాయి అడిగింది. నిజమే. కంపెనీల దృష్టి ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఉంది. డి3500 తయారీ ఆపేశారు. కానీ నేర్చుకునేవాళ్లకు ఇది లాభమే. కొందరు కొత్తవాటికి మారి పాతవి అమ్ముతున్నారు. కెనాన్ ఈఎఫ్ లెన్సుల పద్ధతి 1987 నుంచి, నికాన్ ఎఫ్ పద్ధతి 1959 నుంచి ఉన్నాయి. అన్నేళ్ల లెన్సులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఉన్నాయి. రేపు మీరు మిర్రర్‌లెస్‌కు మారినా, ఇప్పుడు కొన్న మంచి లెన్సును అడాప్టర్‌తో వాడుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొంటే మూడు పరీక్షలు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. ఈ తరగతి కెమెరాలకు లక్ష దాకా అని లెక్క. రెండోది, లెన్సు గుండా టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే బూజు పట్టినట్టు, వద్దు. మూడోది, అసలు బిల్లు అడగండి. సూరత్ వానల్లో మీ లెన్సుకూ బూజు పట్టవచ్చు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. తోలు బ్యాగులో, బీరువాలో దాచకండి. నాది అలాగే పాడైంది.

ఇక మన సొంత విద్య, డబ్బు సంగతి. 40 వేల బడ్జెట్ అనుకుందాం. 15 శాతం వడ్డీకి ఏడాది వాయిదాలు పెడితే నెలకు దాదాపు 3,610 కడతారు. వడ్డీ 3,300 పైచిలుకు పోతుంది. "సున్నా వడ్డీ" అంటారా? అలాంటిది లేదని 2013లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నగదుకు దక్కే తగ్గింపులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో అది దాక్కుని ఉంటుంది. అదే నెలకు 3,300 చొప్పున ఆర్.డి. కట్టండి. 12 నెలల్లో 39,600 మీవి, పైన వడ్డీ కూడా మీదే. ఆ ఏడాదంతా పిల్లలు ఫోన్‌తోనే సాధన చేయాలి. వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ నిలబడాలి అన్నవి ఫోన్ కూడా నేర్పుతుంది. ఏడాది తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే కొనండి. నిలవకపోతే డబ్బు మిగిలింది.

ఒక్క సందర్భంలో మాత్రం అప్పు తప్పు కాదు, కెమెరా కూడు పెట్టేటప్పుడు. వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల మీద పనిచేసే ఒక ఖాతాదారు, కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. లక్షన్నర పెట్టి పెద్ద కెమెరా కొంటాడట, పెళ్లిళ్లు తీస్తాడట. "బాబూ, ఇప్పటిదాకా ఎన్ని పెళ్లిళ్లు తీశావు?" అన్నాను. ఒక్కటీ లేదు. తండ్రి తలవంచుకుని కూర్చున్నారు. ఆయన సంపాదన నాకు తెలుసు, వాయిదా తప్పితే ఎవరి మీద పడుతుందో కూడా తెలుసు. ముద్రా పథకం 2015లో వచ్చింది. అందులో శిశు విభాగం కింద 50 వేల వరకు హామీ లేకుండా ఇస్తాం. అందులోనే సర్దుదామన్నాను. పాత బాడీ, 35 ఎం.ఎం. లెన్సు, బయట పెట్టుకునే ఫ్లాషు, అదనపు బ్యాటరీ. అబ్బాయి మొహం చిన్నబోయింది. అయినా తీసుకున్నాడు. మొదట నామకరణాలు, తర్వాత పెళ్లిళ్లు. వాయిదా ఒక్కటీ తప్పలేదు. పోయిన బతుకమ్మకు అతను తీసిన ఫొటో ఒకటి నాకు తెచ్చిచ్చాడు. వీధి దీపం కింద ఒక ముసలమ్మ, చప్పట్ల మధ్య చేతులు. ఎవరో తెలియదు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పిల్లలూ, ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. అమ్మమ్మనో, తాతనో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఉన్న ఫోన్‌తోనే ఒక ఫొటో తీయండి. కెమెరా వచ్చే ఏడాది కొనుక్కుందాం. వాళ్ల ఫొటో మాత్రం ఈ రోజే తీసుకోండి.