ఒకే అచ్చు, ఎన్నో రంగులు
(స్టాఫ్ కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

"మీ హాబీ గురించి పది నిమిషాలు చెప్పండి, పిల్లలకి బాగుంటుంది" అన్నారు మన వాళ్లు. నేను బొమ్మ కార్లు పోగేస్తాను. బదిలీ ఆర్డరు రాగానే గిన్నెల కంటే ముందు వాటినే సర్దుతానని మా ఆవిడ ఫిర్యాదు. ఆ మాట నిజమే.

ఈ పిచ్చి ఐదో తరగతిలో పట్టుకుంది. మా నాన్నగారు ఒక ఎర్ర హాట్ వీల్స్ కారు కొనిచ్చారు. అప్పట్లో మన దేశంలో అవి లియో పేరుతో తయారయ్యేవి. ఎదురింటి అబ్బాయి దగ్గర సరిగ్గా అదే కారు పసుపు రంగులో ఉండేది. ఏది అసలుదో తేల్చుకోలేక ఆ సెలవులన్నీ పోట్లాడుకున్నాం. రెండూ అసలువేనని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు.

ఒకే కారు ఇన్ని రంగుల్లో ఎందుకొస్తుంది? వీటిని డై కాస్ట్ కార్లంటారు. జింకు ఎక్కువగా ఉండే మిశ్రమ లోహాన్ని కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోత పోస్తారు. ఆ అచ్చు చేయడానికే పెద్ద ఖర్చు. రంగు మార్చడానికి అయ్యేది కొంచెమే. అందుకే కంపెనీ అదే అచ్చుతో ఈ ఏడు నీలం, వచ్చే ఏడు ఆకుపచ్చ వేసి కొత్త కారుగా అమ్ముతుంది. ఎంబీఏలో రెండేళ్లు చదివినదాని కంటే ఈ కార్లే నాకు స్థిర వ్యయం అంటే ఏమిటో బాగా నేర్పాయి.

పిల్లలూ, మ్యాచ్‌బాక్స్ కార్లకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? లండన్‌లోని లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవారు. వాళ్లమ్మాయి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవాలని నియమం. ఆయన అంత చిన్న రోడ్డు రోలరు చేసిచ్చారు. 1953లో ఆ వరస బజారుకొచ్చింది. అదే కంపెనీ 1960లలో, పాడైన బండ్లను లాక్కెళ్లే డాడ్జ్ లారీ ఒకటి చేసింది. దాని ముందు భాగం పసుపు, వెనక భాగం ఆకుపచ్చ. కొన్ని మాత్రం రంగులు తారుమారై బయటికొచ్చాయి. ఇవాళ వాటికి మామూలు లారీ కంటే ఎన్నో రెట్లు ధర.

హాట్ వీల్స్ 1968లో అమెరికాలో 16 నమూనాలతో మొదలైంది. తళతళలాడే లోహం మీద, లోపలి మెరుపు కనబడేలా పల్చటి రంగు వేసేవారు. ఒక్కో నమూనా చాలా రంగుల్లో వచ్చేది. వాటిలో గులాబీ రంగువి కొన్ని ఇప్పుడు బాగా అరుదు. అబ్బాయిలు గులాబీ కారు కొనరని ఆ రంగు తక్కువ వేశారని చెప్పుకుంటారు. ఆనాడు ఎవరికీ అక్కర్లేనిది ఇవాళ అందరికీ కావాలి.

ఇక నా సంగతి. మూడేళ్ల క్రితం, నా చిన్ననాటి ఎర్ర కారే అరుదైన రంగులో అమ్మకానికి కనిపించింది. ధర 6,500 రూపాయలు. ఫొటోలు మూడు పెట్టారు, అడుగు భాగం ఫొటో లేదు. తాకట్టుకొచ్చిన నగని అప్రైజరు చూడనిదే ఒక్క రూపాయి ఇవ్వను నేను. అలాంటివాణ్ని, ఫొటో చూసి డబ్బు పంపేశాను. ఇంట్లో "650" అని చెప్పాను. ఒక సున్నా మింగేశాను.

కారు వచ్చింది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి దాన్ని తిరగేసి, "నాన్నా, ఈ రివెట్ తల తవ్వినట్టుందేంటి?" అంది. నా గుండె జారిపోయింది. ఫ్యాక్టరీలో ముందు పై భాగానికి రంగు వేస్తారు, తర్వాత అడుగు పలకను రివెట్‌తో బిగిస్తారు. మళ్లీ రంగు వేయాలంటే మామూలుగా ఆ రివెట్‌ని డ్రిల్‌తో తొలిచి కారు విప్పాలి. భూతద్దం పెట్టి చూస్తే తలుపు గీతల్లో కొత్త రంగు మందంగా పేరుకుని ఉంది, కిటికీ అంచున పాత ఎరుపు తొంగి చూస్తోంది. అది మామూలు ఎర్ర కారే.

మా ఆవిడ అంతా విని నెమ్మదిగా అంది: "మనది జాయింట్ ఖాతా. ఎస్సెమ్మెస్ నాకూ వచ్చింది. మీరే చెప్తారని నాలుగు రోజులు చూశాను. వాడు కారుకి రంగేశాడు, మీరు లెక్కకి రంగేశారు."

ఆ 6,500 పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. ఆ నాలుగు రోజులు తలుచుకుంటే మాత్రం సిగ్గేస్తుంది. పదిమందికీ లెక్క అప్పజెప్పే ఉద్యోగం చేస్తూ, ఇంట్లో లెక్క దాచాను.

అప్పటినుంచి మా ఇంట్లో మూడు నియమాలు. అడుగు చూడకుండా కొనకూడదు. నెలకింత అని ముందే అనుకున్న డబ్బు దాటకూడదు. కొన్న ప్రతి కారూ, దాని రంగు, అసలు ధరతో సహా నోటుపుస్తకంలో ఎక్కాలి. ఆ పుస్తకం రాసేది మా అమ్మాయి, ఆడిట్ చేసేది మా ఆవిడ.

ఆ దొంగ రంగు కారుని నేను పారేయలేదు. బీరువాలో ముందు వరసలోనే ఉంది. కింద మా అమ్మాయి చీటీ రాసి పెట్టింది: "తర్వాత రంగు వేసినది. 6,500."

చివరిగా ఒక్క మాట. మీ ఇళ్లలో అటక మీద పాత బొమ్మ కార్లుంటే పాత సామానువాడికి వేసేయకండి, కొత్తగా ఉండాలని రంగూ వేయించకండి. గీతలు పడ్డా అసలు రంగుకే విలువ. తిరగేసి అడుగున ఏం రాసుందో చూడండి. ఎవరిదగ్గరైనా పసుపు రంగు లియో కారుంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి. కొననులెండి, చూస్తాను. ఒకవేళ కొన్నా, ఇంట్లో చెప్పే కొంటాను.