తుపాకియు, ప్రశ్నయు

(గ్రంథాలయ సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



న్యాయస్థానముల చుట్టు తిరుగువాడనగుటచే రైలులోను, సంతలోను పరిచయము లేనివారు సైతము నన్ను చట్టవిషయములు ప్రశ్నించుట పరిపాటి. అందు తరచుగా వినవచ్చునవి రెండు: "వీధిలో తుపాకి బాహాటముగా ధరించి తిరుగుటకు మనకు హక్కు కలదా?" "అట్లు తిరుగువానిని మనము ప్రశ్నింపవచ్చునా?" రెండవదియే ముఖ్యమని నా మతము.

1878 నాటి ఆయుధముల చట్టము భారతీయుని చేతినుండి ఆయుధమును లాగుకొనెను. ఆనాడు లైసెన్సు దొరతనమువారి దయపై నాధారపడియుండెను. ఆ యవమానమును జాతి మరువలేదు. 1930లో గాంధి మహాత్ముడు వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో, ప్రజల అదుపునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకులకు లైసెన్సు లీయవలెననునది యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడిన ఆయుధధారణము పౌరుని హక్కని తీర్మానించెను. అహింసావ్రతుడు తుపాకి లైసెన్సు కోరుట వింతయని కొందరనవచ్చును. ఆ కోరికకు ప్రాణము "ప్రజల అదుపు" అను మాటలో నున్నది.

1948లో రాజ్యాంగసభయందు కామత్‌గారు ఈ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్పగోరిరి. దొంగలకును, దోపిడికాండ్రకును గూడ అది సంక్రమించునుగదాయని అంబేద్కరుగారు వాదించిరి. సభ ఆ సవరణను త్రోసిపుచ్చెను. రాజ్యాంగము 19వ అధికరణమున మనకు దక్కినది శాంతియుతముగ, నిరాయుధులమై సమావేశమగు హక్కు. ఈనాడు మనమిచట కూడినది ఆ హక్కు చేతనే.

ఇక నేటి చట్టము. 1959 చట్టము ననుసరించి లైసెన్సు లేక తుపాకి నుంచుకొనరాదు, తీసికొని తిరుగరాదు. లైసెన్సున్నను ప్రదర్శనమున కనుమతి లేదు. 2016 నియమముల ప్రకారము బహిరంగస్థలమున తుపాకి ఒరలోనో, తొడుగులోనో పూర్తిగా కప్పబడి, మోయువాని స్వాధీనములో నుండవలెను, ఝళిపింపరాదు. పెండ్లి యూరేగింపులలో వేడుకకై అజాగ్రత్తగా పేల్చి పరుల ప్రాణమునకు ముప్పు తెచ్చువానికి 2019 సవరణ రెండేండ్లవరకు ఖైదో, లక్ష రూపాయలవరకు జుల్మానాయో, రెండునో విధించినది.

ప్రశ్నించు అధికార మెవరిది? 19వ సెక్షను ప్రకారము పోలీసు అధికారి లైసెన్సు చూపుమని యడుగవచ్చును. చూపనిచో పేరును, చిరునామాను అడిగి, అవసరమగుచో ఆయుధమును స్వాధీనపరచుకొనవచ్చును. పేరు చెప్ప నిరాకరించువానిని వారంటు లేకయే పట్టుకొనవచ్చును. అనుమానాస్పదముగ ఆయుధము కొనిపోవువానిని పట్టు అధికారమును 20వ సెక్షను రైలులో పనిచేయు ఉద్యోగికి సైతమిచ్చినది.

సామాన్యునికి లైసెన్సు తనిఖీచేయు అధికారము లేదు. అయినను "అయ్యా, ఈ యాయుధమేల?" యని మర్యాదతో నడుగుటను ఏ చట్టమును నిషేధింపలేదు. సమాధానము రానిచో పెనగులాడక పోలీసు స్టేషనుకు తెలుపుడు. తుపాకి మోయువారికిని నాదొక మనవి: ఎదుటివాని భయము సహజము, దానికి శాంతముగ బదులు చెప్పుడు. ప్రశ్నకే కోపించువాడు తుపాకికి తగడు.

అమెరికాలోని బిడ్డలను తలచుకొని కొందరు తల్లిదండ్రులు దిగులుతో నడుగుచుందురు. అచ్చట రాష్ట్రమునకొక చట్టము. టెక్సాసులో 2016 నుండి లైసెన్సుగలవారు నడుమున పిస్తోలు కనబడునట్లు తిరుగసాగిరి. 2021లో పెద్దవారిలో అనేకులకు లైసెన్సు నియమమే తొలగెను. కావున అచ్చట తుపాకి కనబడినంతనే నేరమని తలపరాదు. తగవాడక తొలగిపోవుట మేలు. అయితే 1967లో బ్లాక్ పాంథరులను నల్లజాతి యువకులు పోలీసులపై నిఘాగా తుపాకులతో తిరుగుచుండగా, కాలిఫోర్నియా శాసనసభ గుండ్లు నింపిన తుపాకులను బహిరంగముగా మోయుటను నిషేధించెను. ఎవరి చేతిలోనిది స్వేచ్ఛ, ఎవరి చేతిలోనిది భయము అను తగవు అచ్చటను కలదు.

మన గ్రామములలో ధనికుని వెంట తుపాకి నడచినచో దానిని పేల్చనక్కరలేదు. కూలి తన కూలి అడుగడు. ఓటరు తన మనసు చెప్పడు. ఆయుధమును కప్పియుంచుమని చట్టము శాసించుటలోని ధర్మమిది. చట్టము కాగితముపై నిలిచియుండగా దానిని వీధిలో నిలుపువాడు నిర్భయముగ ప్రశ్నించు పౌరుడు. లైసెన్సు మూడక్షరముల ముక్క. దానికి బదులు చెప్పవలసినది యావత్తు ఊరికి. అడుగుట మానకుడు.